బంతి నేలను తాకినాక

రేవతి పిసినారిదని ఊళ్లో పేరు పడిపోయింది. పేరు పెట్టడానికి ఊరికి పోయేదేముంది? మొగుడు నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్క వస్తువును కొననివ్వకుండా నెలల తరబడి అడ్డం పడుతున్న ఆడదాన్ని పిసినారి అనక మహాతల్లి అంటారా? విడవలూరు దాటి సముద్రం వైపు పోతే, ఒక పక్క వరిమళ్లు, ఒక పక్క రొయ్యల గుంటలు ఉన్న చిన్న ఊరది. ఎవరింట్లో ఏం వండారో కూడా పాలకేంద్రం దగ్గర తెలిసిపోతుంది. తన వెనక ఆడవాళ్లు ఏమనుకుంటున్నారో రేవతి వింటూనే ఉండేది. పాలు పోసి, క్యాను కడుక్కుని, తల వంచుకుని ఇంటికొచ్చేది. నిజం చెప్పడం కంటే పిసినారి అనిపించుకోవడమే ఆమెకు తేలిక.

ఆ వస్తువు వీఆర్ హెడ్‌సెట్. ముఖానికి బిగించి కట్టుకుంటే కళ్ల ముందు ఇంకో లోకం కనపడే ఆటపెట్టె. చేతుల్లో పట్టుకోవడానికి రెండు పిడులుంటాయి. అవి ఊపితే లోపల బ్యాటు ఊగుతుంది. ఇంట్లో పాతది ఒకటి ఉంది. రేవతి మొగుడు పెంచలకృష్ణకు అది పనికిరాకుండా పోయిందట, కొత్త మోడల్ కావాలట. పొలం పనికి పోయే ముప్పై అయిదేళ్ల మనిషికి అదేం పిచ్చి అని మీరనుకోవచ్చు. అట్లా అనుకున్నవాళ్లు అతన్ని ట్రాక్టరు మీద చూసి ఉండరు.

దమ్ము చేసే రోజుల్లో కృష్ణ ట్రాక్టరు కోసం రైతులు వంతులు వేసుకునేవాళ్లు. ఆదివారమొస్తే ఊరి టీముకు మొదట బ్యాటు పట్టుకుని దిగేది కూడా అతనే. మధ్యాహ్నం ఎండలో అతన్ని అవుట్ చేయడం ఎవరి వల్లా అయ్యేది కాదు. పొద్దు వాటారితే మాత్రం వికెట్టు ఇచ్చేసేవాడు. బంతి కనపడలేదనేవాడు. అవుటైనవాడు చెప్పే సాకుల్లో అదొకటనుకుని అందరూ నవ్వారు. ఒకనాడు మునిమాపు వేళ, పుట్టినప్పటి నుంచి తిరుగుతున్న కాలవకట్ట మలుపులో, ట్రాక్టరును తిన్నగా తీసుకెళ్లి కాలవలో దించేశాడు. ప్రాణం దక్కింది. బురదలోంచి లేచి వచ్చి, "మలుపు కనపడలా" అన్నాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

నెల్లూరు కంటి ఆసుపత్రికి తీసుకుపోయారు. అతని కళ్లల్లో చుక్కలు వేసి బయట బల్ల మీద కూర్చోబెట్టి, రేవతినీ, అత్త వెంకటశేషమ్మనూ లోపలికి పిలిచాడు డాక్టరు. మొట్టమొదట అడిగిన మాట, "మీది మేనరికమా?" అని. ఆ ఇంట్లో పెళ్లిళ్లన్నీ మేనరికాలే. వెంకటశేషమ్మ తన మేనమామ కొడుకునే చేసుకుంది. రేవతి వెంకటశేషమ్మకు సొంత తమ్ముడి కూతురు. పిల్ల బయటికి పోకూడదు, పొలం బయటికి పోకూడదు, అంతే వాళ్ల లెక్క. డాక్టరు తలాడించి నిదానంగా చెప్పాడు. కంటి వెనక ఉండే పొర ఎండిపోతోంది. ముందు రాత్రి చూపు పోతుంది, ఆ తర్వాత పక్క చూపు, చివరికి నడిమధ్య మిగిలిన ఆ కాస్తా. మందు లేదు, ఆపరేషను లేదు. రక్తంలో వచ్చేది కాబట్టి మీ పాపను కూడా ఒకసారి చూపించుకోండి అని కూడా అన్నాడు.

వెంకటశేషమ్మ డాక్టరు కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. "నా బిడ్డకు చెప్పబాకండి సామీ. వాడి నాయనకూ ఇట్నే చెప్పినారు" అంది.

వాడి నాయన అంటే ఆమె మొగుడు ఓబయ్య. రేచీకటి మనిషి. పొద్దుగూకితే గోడ పట్టుకుని నడిచేవాడు, అయినా పగలంతా ఎద్దులా పనిచేసేవాడు. బిట్రగుంటలో కళ్ల క్యాంపు పెడితే ఎవరో తీసుకుపోయారు. అక్కడెవరో నీకు చూపు పూర్తిగా పోతుంది పెద్దాయనా అని ఉన్నమాట చెప్పేశారు. ఆ పూట ఇంటికొచ్చి మంచమెక్కిన మనిషి మళ్లీ దిగలేదు. చూపు పోకముందే ప్రాణం పోయింది. భర్తను కళ్లు చంపలేదు, ఆ మాట చంపింది అని వెంకటశేషమ్మ నమ్మకం. రేవతికీ అదే నమ్మకం, ఎందుకంటే ఆ మంచం పక్కన గంజి గ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషి ఆమె. అందుకని బయట బల్ల మీద కూర్చున్న కృష్ణతో అత్తాకోడళ్లిద్దరూ నరాల నీరసమని చెప్పారు. మునగాకు తింటే సర్దుకుంటుందన్నారు. అతను సరేనన్నాడు.

ట్రాక్టరు అమ్మేశారు. పగలు పొలం చూసుకుని, పొద్దు వాటారకముందే ఇల్లు చేరి, అరుగు మీద కూర్చోవడం అతని పనయింది. అట్లా కూర్చున్న మనిషిని చూస్తుంటే రేవతికి మామ మంచం గుర్తొచ్చి భయం పట్టుకునేది. ఆ సమయంలో వచ్చాడు కిషోర్ బాబు. కృష్ణతో కలిసి క్రికెట్ ఆడినవాడు, ఇప్పుడు నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని. తను కొత్తది కొనుక్కున్నానని చెప్పి పాత హెడ్‌సెట్ తెచ్చి స్నేహితుడి ముఖానికి తనే కట్టాడు.

ఆ సాయంత్రం రేవతికి కళ్లకు కట్టినట్టు గుర్తుంది. బయట చీకటి పడుతోంది. నడింట్లో కృష్ణ రెండు చేతులూ చాచి, తల పైకెత్తి, అటూ ఇటూ చూస్తున్నాడు. ఉన్నట్టుండి నవ్వాడు. కాలవలో పడ్డ రోజు నుంచి ఆ ఇంట్లో వినపడని నవ్వు.

"ఎండ మే రేవతీ. మిట్టమధ్యాన్నం ఎండ. దీంట్లో పొద్దు గూకదంట" అన్నాడు.

అది మొదలు ఆ ఇంట్లో సాయంత్రాలు మారిపోయాయి. కుర్చీలు గోడవారకు జరిగాయి. ట్యూబులైటు ఒకసారి పగిలింది. వెంకటశేషమ్మ ఆ పెట్టెకు గంతలని పేరు పెట్టింది, "వాడు గంతలు కట్టుకున్నాడు, ఎవురూ అడ్డం పోబాకండి" అని కేకేసేది. ఊరి పిలకాయలు కిటికీకి అంటుకుని సిక్సులు లెక్కపెట్టేవాళ్లు. వాళ్ల కూతురు వినీల నాన్న ఆటకు వ్యాఖ్యానం చెప్పేది. ఆ పిల్ల ముఖానికి మాత్రం పెట్టెను తగలనిచ్చేది కాదు నాయనమ్మ. ఎదిగే పిల్ల కళ్లు, ఆ వెలుతురుకు చెడతాయని. కృష్ణ ఆడి ఆడి, చెమటతో బనీను తడిసి, ఆకలేస్తోంది అన్నం పెట్టమని అడిగేవాడు. మొగుడు ఆకలని అడగడంలో అంత సంతోషముంటుందని రేవతికి అప్పుడే తెలిసింది.

అది కూడా ఎన్నాళ్లు నిలిచింది? కిందటేడు కోతలయ్యాక ఒకరోజు ఆట మధ్యలో ఆగిపోయాడు. గంతలు తీసి, అద్దాలు పంచెతో తుడిచి, మళ్లీ కట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"ఇది చెడిపోతా ఉండాది మే. బౌలరు చేతిలోంచి వచ్చే బంతి కనపడతాది. నేలకు తాకినాక కనపడటంలా. మళ్లీ మొగం మీదకి వచ్చినాకే కనపడేది. ఎట్ట కొట్టేది?"

 మర్నాడు అతను పొలానికి పోగానే రేవతి తలుపు గడియ వేసి, ఆ పెట్టెను మొదటిసారి తన ముఖానికి కట్టుకుంది. వెలుతురు కళ్లలోకి దూసుకొచ్చింది. పచ్చటి మైదానం, చుట్టూ జనం, ఎదురుగా బౌలరు. బంతి వచ్చింది. నేలకు తాకింది, లేచింది, ఆమె పక్కనుంచి వెళ్లిపోయింది. దారి పొడుగునా కనపడింది. ఇంకోటి వచ్చింది, అదీ కనపడింది. పాలు పితకడమే తప్ప బ్యాటు పట్టడం ఎరగని రేవతికి, ఒక్క బంతి కూడా కొట్టడం చేతకాని రేవతికి, ప్రతి బంతీ మొదటి నుంచి చివరిదాకా కనపడింది. అక్కడే నేల మీద కూలబడి, పెట్టె ముఖానికి ఉండగానే ఏడ్చింది. తర్వాత అద్దాల మీది తడి తుడిచి, ఎక్కడిదక్కడ పెట్టింది.

ఆ సాయంత్రం అతను, "నువ్వు గూడా ఒకసారి చూడరాదా?" అన్నాడు.

"నాకేం తెలస్తాది బావా ఆ ఆటలు" అంది.

కిషోర్ బాబు ఫోనులో ఏవేవో చెప్పాడు. వెలుతురు పెంచమన్నాడు, పట్టీ బిగించమన్నాడు, ఆపేసి మొదటి నుంచి మళ్లీ పెట్టుకోమన్నాడు. అన్నీ అయ్యాక, "అది ముసలిదైపోయిందిరా, కంపెనీవాళ్లు కూడా దాన్ని వదిలేసినారు. కొత్తదాంట్లో బొమ్మ ఇంకా వెడల్పు, వెలుతురు రెండింతలు. మార్చెయ్యి" అన్నాడు. పాపం, మంచికే అన్నాడు. ఆ మాటతో రేవతి నెత్తిన బండ పడిందని అతనికేం తెలుసు.

కొత్తది వస్తే ఏమవుతుంది? అందులోనూ బంతి మాయమవుతుంది. అప్పుడు తప్పు పెట్టెది కాదు, కళ్లదని తేలిపోతుంది. మునగాకు మాట, నరాల మాట అన్నీ బూటకమని తెలిసిపోతాయి. ఆ రాత్రే ఆ మనిషి మంచమెక్కుతాడు. కొత్తది రానన్నాళ్లూ తప్పంతా పాతదాని మీదే ఉంటుంది, రేపో మాపో మారుస్తామన్న ఆశతో మనిషి లేచి తిరుగుతుంటాడు. కాబట్టి కొననివ్వకూడదు. ఎన్ని మాటలు పడ్డా సరే కొననివ్వకూడదు. రేవతి ఆ నిర్ణయానికి వచ్చేసింది. ఇంతా చేసి ఆ మాట మొగుడితో చెప్పుకోవడానికి లేదు. ఇంకేం, పిసినారి వేషం కట్టింది.

మొదట్లో పంట చేతికి రానీ అంది. పంట వచ్చాక గేదెను మార్చాలంది. తర్వాత పిల్లకు ఫీజులంది. అన్నీ అబద్ధాలే, అన్నిటికీ అతను తలూపాడు. చివరికి ఒకరోజు అన్నం తింటూ చెయ్యి ఆపేశాడు.

"నేనేం తాగుతా ఉండానా, పేకాడతా ఉండానా? ఒక్కటి అడిగినా. అది గూడా వద్దంటే నేను మనిషినేనా ఈ ఇంట్లో?"

"ఆ పాతదాంతోనే ఆడుకోరాదా బావా. పిలకాయల వస్తువు. దానికింత గోలా?"

"కనపడటం లేదని చెప్తా ఉండా గదా."

"కనపడకపోతే మానుకో."

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో రేవతికి తెలియలేదు. అతను కంచం పక్కకు జరిపి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. వాకిలి గడప దగ్గర గోడ కోసం చెయ్యి తడుముకున్నాడు. అచ్చం ఓబయ్య తడుముకున్నట్టే తడుముకున్నాడు. అది చూసి రేవతి కూడా కంచం పక్కకు పెట్టి లేచింది.

వంటింట్లో అత్త కోపంగా కాచుకుని ఉంది.

"కొనియ్యి మే. వాడు ఉన్నన్నాళ్లూ ఆడుకోనీ. నువ్వట్ట నోరు పారేసుకుంటే వాడు ఇంకా ముందే పడిపోతాడు."

"కొనిస్తే తెలిసిపోతాది అత్తా. అప్పుడేం చేస్తావు?"

"తెలిసినప్పుడు చూసుకుందాం."

"నువ్వు గదా చెప్పొద్దన్నది."

వెంకటశేషమ్మ మళ్లీ సూది చేతిలోకి తీసుకుంది. ఆమె కొంగు చిరిగితే కుట్టుకుంటోంది. సూదిలో దారం ఎక్కక, "అమ్మయ్యా, ఇట్రా" అని మనవరాలిని పిలిచింది. వినీల వచ్చి ఒక్క విసురులో దారం ఎక్కించి పోయింది. ఆ ఇంట్లో సూదుల్లో దారాలన్నీ ఆ పిల్లే ఎక్కిస్తుంది. మందు సీసాల మీద చీమతలకాయంత అక్షరాలు కూడా చదివి చెబుతుంది. డాక్టరు పిల్లను తీసుకురమ్మన్న సంగతి రేవతి మరిచిపోలేదు. తీసుకుపోవాలంటే ఎందుకని అతను అడుగుతాడు. ఏమని చెప్పాలి? సూదిలో దారం ఎక్కించే కళ్లకు ఏం రోగముంటుందిలే అని తనకు తాను సర్దిచెప్పుకుంది. చూపు నడిమధ్య బాగుండి, అంచుల నుంచి తినుకుంటూ వచ్చే రోగమని మొగుడి విషయంలో విన్న మనిషే. పిల్ల విషయానికొచ్చేసరికి ఆ మాట ఆమె బుర్రకెక్కలేదు. కన్నతల్లికి అట్లాంటివి ఎక్కవు.

వేసవి సెలవుల్లో కిషోర్ బాబు ఊరికొచ్చాడు. వచ్చినవాడు రేవతిని నవ్వుతూనే నిలదీశాడు. "ఏందమ్మా, మావాడికి ఆటబొమ్మ కొనివ్వవంట? నువ్వేం కొనబాకలే ఇప్పుడు. నెల్లూర్లో నాకు తెలిసిన కొట్టుంది, సుశీల్ కుమార్ అని. పెట్టుకుని చూడనిస్తాడు. నచ్చితే తీసుకోండి, నచ్చకపోతే వచ్చేయండి. చూసినదానికి ఎవురైనా అడుగుతారా ఏంది?"

అప్పుడు రేవతికి చెప్పడానికి సాకు మిగల్లేదు. కృష్ణ ముఖంలోకి చూసింది. ఆ ముఖం ఎంత వెలిగిందంటే, వద్దనడానికి నోరు రాలేదు. పోదాంలే అంది. అందిగానీ ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆర్నెల్లుగా ఒంటి మీద రాళ్లు వేయించుకుని కాపాడుకొచ్చింది ఒక్క పూటలో పోతోంది. పోనీ, అక్కడే తెలుసుకోనీ. చెప్పే పని తనకు తప్పుతుంది గదా అనుకుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తనను తానే తిట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కారు. వినీల కూడా వస్తానని ఎక్కింది. కృష్ణ కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. కొత్తదాంట్లో ఏయే మైదానాలున్నాయో, కిషోర్ బాబు ఎన్ని పరుగులు కొట్టాడో కూతురికి చెబుతున్నాడు. పెన్న వంతెన మీద గాలికి పిల్ల జడ ఎగురుతోంది. రేవతికి ఒక్క మాట చెవికెక్కలేదు. నెల్లూర్లో దిగాక జనంలో కృష్ణ కూతురి భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. చూసేవాళ్లకు ముద్దుగా ఉంటుంది. ఆ చెయ్యి ఎందుకు వేశాడో రేవతికి తెలుసు. పిల్ల రెండుసార్లు ఎదురొచ్చిన మనుషులను గుద్దుకుంది. చూసుకుని నడువు అని రేవతి కసిరింది కూడా.

కొట్టు మొదటి అంతస్తులో ఉంది, చల్లగా, తెల్లటి లైట్లతో. సుశీల్ కుమార్ కుర్రవాడు, మర్యాదస్తుడు. కొత్త హెడ్‌సెట్ తీసి కృష్ణ తలకు జాగ్రత్తగా అమర్చాడు. లోపల కనపడేదే గోడ మీది టీవీలో కూడా కనపడేట్టు పెట్టాడు. రేవతి ఆ టీవీకి ఎదురుగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

మైదానం వచ్చింది. బౌలరు పరిగెత్తుకొచ్చాడు. బంతి నేలకు తాకి లేచింది. కృష్ణ బ్యాటు గాలిలో ఆలస్యంగా ఊగింది. రెండో బంతీ అంతే. మూడోదానికి అతను బ్యాటు ఎత్తలేదు. ఇంకా నాలుగైదు వచ్చాయి, అతను కదలకుండా నిలబడి వాటిని పోనిచ్చాడు. పోయిన ప్రతి బంతీ టీవీలో రేవతికి కనపడుతూనే ఉంది.

పెట్టె తీసి సుశీల్ కుమార్ చేతికిచ్చాడు. ముఖంలో ఏమీ లేదు.

"బాగుంది తమ్ముడూ. వెలుతురు బాగుంది. కింద పడినాక బంతి మాత్రం కనపడటంలా. మా పాతదాంట్లోనూ ఇంతే."

"అట్లా ఎవరూ అనలేదే అన్నా" అన్నాడు సుశీల్ కుమార్, తల గోక్కుంటూ.

రేవతి టీవీ వదిలి మొగుడి వైపు తిరిగింది. ఇప్పుడు తెలుస్తుంది, ఇప్పుడు అడుగుతాడు అనుకుంది. అతను అడగలేదు. ఈలోగా వినీల ముందుకొచ్చి, "నాన్నా, నేను చూస్తా. నాయనమ్మ లేదు గదా" అని చెయ్యి చాచింది. కృష్ణ నవ్వి ఇవ్వమన్నాడు. పిల్ల తలకు పట్టీ బిగించారు. బంతులు రావడం మొదలైంది. ఒకటి, ఇంకొకటి. పిల్ల చేతులు ఊపుతోంది, ఒక్కటీ తగలడం లేదు.

"ఔను నాన్నా. కింద పడంగానే మాయమైపోతాది. మళ్లీ దగ్గరకొచ్చినాక వస్తాది. నువ్వు చెప్పినట్టే ఉండాది" అంది వినీల.

రేవతికి పోయిన ప్రాణం లేచొచ్చినంత పనయింది. తండ్రి మాట నిలబెట్టడానికి పిల్ల అట్లా అంటోందనుకుంది. బంగారుతల్లి, బతికించింది అనుకుంది. ఇక అతను, చూసినావా, కంపెనీవాళ్లంతా ఇంతే అంటాడు, కొత్తదీ వద్దు ఏదీ వద్దని ఇంటికి పోవచ్చు. ఆ గెలుపు నవ్వు కోసం మొగుడి ముఖంలోకి చూసింది.

అతని ముఖంలో నెత్తురు లేదు.

పిల్ల తలకున్న పెట్టెను అతనే తీశాడు. పట్టీ ఊడకపోతే సుశీల్ కుమార్ సాయం చేశాడు. కృష్ణ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మయ్యా, ఇప్పుడింకో ఆట. నా ముక్కునే చూడాల. పక్కకు చూసినావంటే ఓడిపోయినట్టు. సరేనా?"

పిల్ల సరేనంది. అతను కుడిచెయ్యి పక్కకు చాచి, మూడు వేళ్లు నిలబెట్టాడు. ఆసుపత్రిలో డాక్టరు తన ముందు కూర్చుని అట్లాగే చేశాడు.

"ఎన్ని వేళ్లు?"

"ఏది నాన్నా? చెయ్యి యాడుంది?"

ఆ మూడు వేళ్లు అక్కడ రేవతికి కనపడుతున్నాయి, సుశీల్ కుమార్‌కు కనపడుతున్నాయి. చాచిన మనిషికీ కనపడవు, ఎదురుగా ఉన్న పిల్లకీ కనపడలేదు. అతను చేతిని కొంచెం ముందుకు తెచ్చాడు. పిల్ల చెప్పలేదు. ఇంకొంచెం తెచ్చాడు. దాదాపు తన చెంప దగ్గరకు వచ్చాక, "ఆ, మూడు" అని పిల్ల నవ్వింది. రేవతి పక్కనున్న గాజు బల్లను పట్టుకుంది.

"నువ్వు అబద్ధం చెప్పలేదు గదా, నా కోసం?" అని అడిగాడు కూతుర్ని.

"లేదు నాన్నా. అందరికీ ఇట్నే గదా కనపడేది?"

 అతను రెండో చెయ్యి ఇంకో పక్కకు చాచి, "ముక్కునే చూడు" అని, తల మాత్రం పైకెత్తి రేవతి వైపు తిరిగాడు.

"నాది నాకు తెలుసు మే" అన్నాడు, గొంతు తగ్గించి. "ఎప్పుడో తెలుసు. మా నాయన్ని చెయ్యి పట్టుకుని తిప్పింది నేనే గదా. కొత్తదాంట్లో వెలుతురు ఎక్కువంటే, ఇంకొక్క ఏడాది ఆడుకోవచ్చునేమోనని ఆశపడినా, అంతే. నాకు తెలిస్తే నేనేమైపోతానోనని నువ్వు భయపడతా ఉంటివి. అందుకని తెలీనట్టే ఉండినా. పాపది నాకు తెలీదే."

"నాకూ తెలీదు బావా" అంది రేవతి. అంటుండగానే పిల్లను చూపించమన్న డాక్టరు మాట గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ ఎవర్ని కాపాడాననుకుంది, ఎవర్ని వదిలేసింది. ముందే తీసుకుపోయి ఉంటే మాత్రం ఏం ఒరిగేదని ఇంకో పక్క మనసు అంటోంది. ఆ సమాధానం ఇంకా ఘోరంగా ఉంది. పరాయి కొట్లో, పరాయి మనిషి ఎదుట, సిగ్గూ ఎగ్గూ లేకుండా రేవతి ఏడ్చేసింది. సుశీల్ కుమార్ హెడ్‌సెట్‌ను డబ్బాలో పెట్టాలో వద్దో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

తన కళ్ల గురించి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నోరు విప్పి అడగని మనిషి అప్పుడు అడిగాడు.

"ఆ రోజు లోపలికి పిలిచినాడు గదా డాక్టరు. దీనికి మందుందన్నాడా?"

రేవతి కొంగుతో నోరు మూసుకుంది. ఆ ఇంట్లో ఈ ఒక్క మాట దాచడానికి ఎన్ని అబద్ధాలాడిందో లెక్కలేదు. ఇంకొక్కటి ఆడటానికి ఒంట్లో శక్తి లేదు.

"లేదన్నాడు బావా."

కృష్ణ తలూపాడు. చాచిన చెయ్యి దించలేదు. వినీల మాత్రం నాన్న చెప్పినట్టే ఆయన ముక్కు మీది నుంచి చూపు తిప్పకుండా, చెయ్యి ఎప్పుడు కనపడుతుందా అని నవ్వుతూ కాచుకుని ఉంది.